మిగతా సగం

త్రియెస్తే ఊళ్లో బోరా గాలి వీచిన రోజు
వీధి మలుపుల్లో తాళ్లు కట్టేవాళ్లు ఒకప్పుడు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఇప్పుడు తాళ్లు లేవు.
నా ఫోనులో ఒక నీలి చుక్క ఉంది.

చుక్క పేరు ఒట్టావియో.
ముప్పయ్యొక్క ఏళ్లు కొండ ట్రామ్ నడిపాడు.
పట్టాల మీదున్నవాడు దారి తప్పడని
పెళ్లికి ముందే నా దగ్గర గొప్పలు పోయినవాడు.
ఇప్పుడు రొట్టెకని వెళ్లి
రేవులో తేలతాడు.

సంతకం ఉంది. కాదనను.
రెండేళ్ల కిందట, డాక్టరమ్మ బల్ల మీద,
నా కలంతోనే పెట్టాడు:
"నేనెక్కడున్నదీ నా భార్య నెరీనా చూడవచ్చు."
అక్షరాలు వాలిపోయినా పేరు మొత్తం రాశాడు.
ఇది చాలన్నాడు లాయరు.
ఆ కాగితం వంటింటి సొరుగులో భద్రంగా ఉంది,
కరెంటు బిల్లుల కింద.
సంతకం పెట్టినవాడే ఇంట్లో లేడు.

కోర్టులో టైపిస్టుగా చేశాన్నేను.
'సమ్మతి' అన్న మాట ఎన్ని వేలసార్లు కొట్టానో
నా వేళ్లకి తెలుసు, నాకు తెలీదు.
ఒకసారి ఒక టైల్స్ వ్యాపారి వచ్చాడు బోనులోకి.
పెళ్లాం ఫోనులో ఆమెకి తెలియకుండా ఏదో దూర్చాడు.
ఆమె ఏ కేఫ్‌లో కూర్చుందో, ఎంతసేపు కూర్చుందో
కొట్లోంచి కదలకుండా చూసేవాడు.
"భయమేసింది సార్, ఆమెకేమైనా అవుతుందేమోనని."
అలాగే టైపు చేశాను.
"మరి అడగొచ్చుగా?" అన్నారు జడ్జిగారు.
"అడిగితే వద్దంటుంది కదండీ."
అదీ టైపు చేశాను.
ఆమె మాత్రం ఆ ఫోనుని,
చచ్చిన ఎలుకని తోక పట్టుకుని తెచ్చినట్టు తెచ్చి
బల్ల మీద పెట్టింది.

అందుకే రోజూ అడుగుతాను.
కాఫీ గిన్నె పొయ్యి మీద గురగురలాడుతుండగా,
"ఒట్టావియో, నువ్వెక్కడున్నావో నేను చూడొచ్చా?"
"ఇక్కడే ఉన్నాగా" అంటాడొక రోజు.
"చూస్కో, నీకు వేరే పనేం లేకపోతే" అంటాడొక రోజు.
ఒక్కోసారి ఏమీ అనడు.
మౌనం అర్ధాంగీకారమంటారు.
ఆ సగంతోనే నెట్టుకొచ్చాను.
మిగతా సగం ఎవరి దగ్గరుందని
ఎవరూ అడగలేదు, నేను కూడా.

నిన్న ఫిబ్రవరి గాలి. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి.
అడిగాను.
"వద్దు" అన్నాడు.
కోపంగా కాదు. ట్రామ్ నిండిపోయాక
ఇంకెక్కకండి అని చెప్పే గొంతుతో.
"ఎందుకు?"
"ఎందుకో చెబితే చూపించినట్టే కదా."

ఆడబడుచు ఫుల్వియా ఫోనులో అరిచింది,
ఏ వారమో తెలియని మనిషి వద్దుకి విలువేంటని.
ఆ మనిషి సరే మాత్రం
నిన్నటిదాకా నాకు చెల్లింది.

చుక్క ఆర్పేశాను.
కోటు బొత్తాలు ఒక కాజా తప్పించి పెట్టుకుని
అతను వెళ్లిపోయాడు.

నిజం చెప్పేస్తాను.
నాలుగు నిమిషాలు ఆగాను. ఐదోది ఆగలేకపోయాను.
ఇరవై అడుగుల వెనక, గోడ వార,
తలకి గుడ్డ కట్టుకుని
నేనే చుక్కనై నడిచాను.
ఫోనుకైతే చట్టం ఉంది, కళ్లకే సెక్షన్?
టైల్స్ వ్యాపారి నా పక్కనే వస్తున్నాడు,
"భయమేసింది కదమ్మా, నాకు తెలుసు" అంటూ.

చేపల బజారు మలుపులో గాలి అతని టోపీ ఎగరేసుకుపోయి
తెచ్చి నా కాళ్ల దగ్గరే పడేసింది.
గాలి నోట్లో నువ్వుగింజ నానదు.
వెనక్కి తిరిగాడు. చూశాడు. గుర్తుపట్టలేదు.
"అమ్మా, మీరు నా వెనకాల వస్తున్నారా?"
నలభై నాలుగేళ్లలో మొదటిసారి
నన్ను మీరన్నాడు.

"అవునండీ" అన్నాను. "రావచ్చా?"

టోపీ దులుపుకున్నాడు. సముద్రం వైపు చూశాడు.
బ్రేకు మీద చెయ్యి ఉన్నవాడిలా
చాలాసేపు ఆలోచించాడు.
"వెనక వద్దు" అన్నాడు.
"గాలి ఎక్కువగా ఉంది, పక్కన రండి.
ఆ మలుపు దాకా."